మైమరువు బరువు

ఆయన పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను ఇనుప టోపీయా, తోలు టోపీయా అనే ధర్మసంకటంలో ఉన్నాను. టోపీ నాకు కాదు. నాకు టోపీ పెట్టాల్సిన వాళ్లందరూ ఎప్పుడో పెట్టేశారు. కంప్యూటర్ తెర మీద కుడిచేత కత్తి, ఎడమచేత డాలు పట్టుకుని నిలబడిన బొమ్మ మనిషికి. యాభై రెండేళ్లు నిండి, రెండు కళ్లకూ రెండు రకాల అద్దాలు పడి, వాన రాకను మోకాళ్లు రెండు రోజుల ముందే చెప్పే దశకు చేరుకున్న నేను, పట్టపగలు నంద్యాలలో అంగడి తెరిచి పెట్టుకుని రాక్షసులతో యుద్ధం చేసే ఆట ఆడుకుంటున్నాను.

ఫోన్‌లో ఆయన భార్య, నేను వదినా అని పిలిచే మనిషి. "మీయన్న పాయప్పా" అంది. ఆళ్లగడ్డలో చావు కబురు కూడా కొసరు లేకుండా చెబుతారు. నేను ఏదో అనబోయేలోగా పెట్టేసింది. ఇంకా చాలామందికి చెప్పాలి కదా.

తెర వైపు చూశాను. ఆ ఆటలో మనం ఏ పనీ చెప్పకపోతే బొమ్మ మనిషి ఉత్తినే నిలబడడు. భుజాలు కొంచెం పైకీ కొంచెం కిందికీ ఆడిస్తూ ఊపిరి తీస్తుంటాడు. నాలుగేళ్లుగా ఆడుతున్నాను, వాడు ఊపిరి తీస్తాడన్న సంగతి ఆ రోజే గమనించాను. చూడలేక కంప్యూటర్ ఆపేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆయన ఒప్పుకోడు. ఆయన శిల్పి. ఆయన చేతి కింద నుంచి ఎంతమంది దేవుళ్లు లేచి వెళ్లారో ఆయనకే తెలియదు. నా అంచనా ప్రకారం ముక్కోటిలో ఒక కోటి ఉంటారు. ఒక్కరి పీఠం మీద కూడా తన పేరు చెక్కుకోలేదు. ఎందుకన్నా అని ఒకసారి అడిగితే, రాతి మీద మనిషి పేరుండేది సమాధికేనప్పా అన్నాడు.

నన్ను ఆయన దగ్గరికి చేర్చింది దుమ్ము. నంద్యాలలో నాది కంప్యూటర్లు బాగుచేసే అంగడి. బోర్డు మీద నా పేరు పక్కన 'ఇంజనీరు' అని ఉంటుంది. అది బోర్డు రాసినాయన నా మీద పెట్టుకున్న నమ్మకం, చెరపడానికి మనసు రాలేదు. ఆళ్లగడ్డలో శిల్పులుండే చోట రోడ్డు పక్కన దేవుళ్లు బస్సు కోసం చూస్తున్నట్టు వరసగా నిలబడి ఉంటారు. తల ఇంకా రాని అమ్మవారు, కాళ్లు ఇంకా బండలోనే ఉన్న ఆంజనేయుడు, అందరి మీదా ఒకే తెల్లటి పొడి. ఆ వరస వెనకాల రేకుల షెడ్డు ఆయనది. దూరాభారం నుంచి వచ్చేవాళ్లకు బొమ్మలు చూపించడానికి ఒక కంప్యూటర్ కొన్నాడు. అది ప్రతి నెలా చచ్చిపోయేది. ప్రతి నెలా నేను బస్సెక్కి వెళ్లి బతికించేవాణ్ణి.

మొదటిసారి పెట్టె విప్పినప్పుడు లోపల కనిపించినది దుమ్ము అనడం దుమ్ముకు అవమానం. అదొక చిన్న కొండ. దానితో బుల్లి వినాయకుణ్ణి చేసి, మిగిలిన దానితో ఆయన వాహనాన్ని కూడా చేయవచ్చు. అంతా ఊడ్చి, గాలి పీల్చే ఫ్యాను మూతికి పలుచటి గుడ్డ చుట్టి కట్టాను. ఆయన నా వెనకే నిలబడి చూశాడు. కనుబొమ్మల మీద, చెవుల్లో, మీసంలో రాతి పిండి. గంధం పూసుకున్న గుడి ఏనుగులా ఉన్నాడు. "బాగ కట్టినావప్పా. పాపం, దానికీ ఊపిరి గావాల గదా" అన్నాడు. నేను నవ్వాను. అప్పుడు నవ్వు రాకపోతే మనిషే కాదు. ఇప్పుడు వచ్చినా కాదు.

దుమ్ము లేవని రోజు చూసి చెప్పమంటే, అమావాస్యకు రా అన్నాడు. అమావాస్య నాడు వాళ్లు ఉలి పట్టరు. ఆ రోజు ఉలీ సుత్తీ కడిగి, బొట్టు పెట్టి, మూల పెట్టేస్తారు. ఆళ్లగడ్డంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టు ఉంటుంది. అలాంటి ఒక అమావాస్య పూట, ఆయన కంప్యూటర్ ఏదో సరుకు లోపలికి నింపుకుంటూ మూడు గంటలు తీసుకుంటుంటే, నేను నా ల్యాప్‌టాప్ తెరిచి ఆట మొదలుపెట్టాను.

ఆటలో ఒక కోట ఉంది. దాని వాకిట్లో తాటిచెట్టంత రాక్షసుడు. మూడు వారాలుగా వాడు నన్ను చంపుతున్నాడు. వాడికి నా మీద విసుగొచ్చిందేమో, ఆఖరికి ఒక చేత్తో చంపుతున్నాడు. ఆ రోజు కూడా చంపాడు. వెనక నుంచి టీ జుర్రుకుంటున్న చప్పుడు, ఆ తర్వాత మాట.

"సావక ఏం జేస్తాడప్పా. భుజాల మీద ఆ రేకులు జూడు. చెయ్యి లేచేదెట్ల, డాలు అడ్డం పెట్టేదెట్ల?"

ఆటలో ఒక్కో తొడుగు పక్కన రెండు అంకెలుంటాయి. ఎంత దెబ్బ ఆపుతుందో ఒకటి, ఎంత బరువో ఒకటి. నా పద్ధతి సులువు. మొదటి అంకె ఏది పెద్దదిగా ఉంటే అది తొడిగేయడం. బరువు ఒక హద్దు దాటితే మనోడు పరుగెత్తలేడు, దెబ్బ తప్పించుకుని పక్కకు దొర్లలేడు, చూడి బర్రెలా కదులుతాడు అనే చిన్న విషయం నేను పట్టించుకోలేదు. నా జీవితం కూడా ఇంచుమించు అలాగే నడిచింది గనుక తేడా తెలియలేదు. ఆ అంకెల గొడవంతా ఆయనకు వివరించాను. ఆయన అంకెల వంక కూడా చూడలేదు.

"నువ్వు వానికి సొమ్ములు పెట్టినావు. కాపుదల పెట్టలా. అన్నీ ఊడదీయి" అన్నాడు.

ఊడదీశాను. గోచీతో నిలబడ్డాడు మనోడు. నడిపించమన్నాడు. నడిపించాను. కళ్లు చికిలించి ఆ బొమ్మ నడుము వైపే చూశాడు. తర్వాత ఒక్కొక్కటే తొడిగిస్తూ, తొడిగినప్పుడల్లా వీధి చివరిదాకా నడిపించి వెనక్కి తెప్పించాడు. ఎద్దును కొనేవాడు కూడా అంత నడిపించడు. చివరికి భుజాల రేకులు తీసేసి, తోలుది తొడిగించి, ఇప్పుడు పో అన్నాడు. మూడో దెబ్బకు రాక్షసుడు కూలాడు. నేను కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఆ గంతుకు పక్కనున్న నరసింహస్వామి కదిలాడని ఆయన తర్వాత పదిమందితో చెప్పాడట. అది అతిశయోక్తి, నాకు అతిశయోక్తులు గిట్టవు. స్వామి కదల్లేదు. స్వామి కింద పెట్టిన చెక్క కదిలింది.

అప్పటి నుంచి ప్రతి అమావాస్యా యుద్ధమే. ఆయన ఒక్కనాడూ మీట నొక్కలేదు. ఒకసారి ప్రయత్నించాడు గానీ, ఆ వేలు ఒక మీట మీద పెడితే చుట్టుపక్కల మూడు మీటలు మునిగిపోయాయి. మనోడు ఒకేసారి గెంతి, కత్తి పారేసి, దుకాణదారుకు దండం పెట్టాడు. ఇంక నువ్వే జూసుకోప్పా అని ఆయన వెనక్కి జరిగాడు. యుద్ధం నాది, కవచాల ఎంపిక ఆయనది. యుద్ధం అర్ధగంటలో అయ్యేది. ఎంపికకు మూడు అమావాస్యలు పట్టిన సందర్భాలున్నాయి. ప్రపంచంలో మిగతా జనం ఆ ఆటను రెండు నెలల్లో ముగించి వేరే పనులు చూసుకున్నారు. మేము నాలుగేళ్లలో సగం కూడా దాటలేదు.

సప్పుడు పెంచు అనేవాడు. రాయి మంచిదో కాదో సుత్తితో తట్టి, మోత విని చెప్పే మనిషి. ఆటలో ఇనుప చొక్కా తొడిగి నడిపిస్తే వచ్చే గలగలను తల వంచి వినేవాడు. ఇది బోలు, వద్దు. ఇది పర్వాలేదు గానీ చంకలో రాసుకుంటాంది, వద్దు. ఒకసారి చాలా కష్టపడి ఒక బంగారు కవచం గెలిచాను. కొమ్ములు, రెక్కలు, రొమ్ము మీద సింహం. ప్రాణం పోయినా అది తొడగాలని నా ఆశ. ఆయన ఒక్క చూపు చూసి, "పెండ్లికి పోతాండాడా, యుద్ధానికా?" అన్నాడు. ఆ కవచం ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

ఒక రోజు, రొమ్ముకు తొడిగే ఈ ముక్కకు మన భాషలో పేరేందప్పా అని అడిగాడు. నాకు ఠక్కున ఒక మాట తట్టింది. మాది చర్చికి పోయే కుటుంబం. చిన్నప్పుడు ఆదివారం బడిలో ఒక క్రిస్మస్‌కు నాకు సైనికుడి వేషం వేశారు. మా అమ్మ టీవీ అట్టపెట్టె కోసి, వెండి కాగితం అంటించి, రొమ్ముకు కట్టింది. లోపలి వైపు, సరిగ్గా గుండెకు తగులుతూ, పగిలిపోయే వస్తువని చెప్పే గ్లాసు బొమ్మ ఉండేది. ఆ రొమ్ము తొడుగును చర్చిలో 'మైమరువు' అనేవారు. ఒంటిని కప్పేది. ఆ మాటే ఆయనకు చెప్పాను.

"మైమరుపా?" అన్నాడు.

"మరుపు కాదన్నా, మరువు. మై మరువు. కవచం."

ఆయన నా వివరణ విననే లేదు. మంచి పేరు పెట్టినారు అనుకుంటూ తనలో తనే తలాడించాడు. "పనిలో పడితే ఒళ్లు తెలీదు గదా. ఎండ తెలీదు, ఆకలి తెలీదు. అంతకు మించిన కాపుదల ఏముంటాది?" అన్నాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు దిద్దినా లాభం లేకపోయింది. వానికి ఆ నల్ల మైమరుపు తొడుగు, ఈ మైమరుపు బిర్రుగా ఉండాది. ఆయన అలాగే అనేవాడు, కొన్నాళ్లకు నేనూ దిద్దడం మానేశాను.

దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మొదట్లో అది గొంతు సవరించుకోవడంలా ఉండేది. తర్వాత మాటకూ మాటకూ మధ్య కామాలా వచ్చేది. మూడో ఏటికి మాటలే కామాలయ్యాయి. ఒక అమావాస్య నేను బస్సు దిగగానే వదిన రోడ్డు దాకా ఎదురొచ్చింది. ఆమె నాతో అప్పటిదాకా కాఫీయా, టీయా అన్న ప్రశ్న తప్ప వేరే మాట మాట్లాడి ఎరుగదు. ఆయన రాత్రుళ్లు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడనీ, పనిచేసేటప్పుడు మూతికి ఏదైనా కట్టుకోమంటే వినడం లేదనీ చెప్పింది. "నీ మాట ఇంటాడప్పా. ఆ ఆటలో చెప్పినట్ల చెప్పు" అంది.

ఆటలో చెప్పినట్టు! నాకది దేవుడిచ్చిన ఉపాయంలా తోచింది. ఆటలో ఒక చిత్తడి నేల ఉంది. దాని మీద పచ్చటి విషపు గాలి. అందులో ఊపిరి పీల్చినప్పుడల్లా మనోడి ఆయుష్షును చూపించే ఎర్ర గీత కొంచెం కొంచెం తరుగుతుంది. అటు పోవాల్సిన అవసరం మాకేమీ లేదు. అయినా కావాలని అక్కడికే తీసుకుపోయాను. ఎర్ర గీత తరగడం చూసి ఆయన ముందుకు వంగాడు.

"ఆ గాలి మంచిది గాదు. మూతి మూయి వానికి. బేగా."

మూతి పూర్తిగా మూసే టోపీ ఒకటే ఉంది. బోర్లించిన కాగులా ఉంటుంది, బరువు చాలా ఎక్కువ. దాని కోసం కాళ్ల తొడుగులు తీసేయించాడు, చేతులవీ తీసేయించాడు. కాలు పోతే కుంటుతాడు, ఊపిరి పోతే ఏం జేస్తాడప్పా అన్నాడు. నంద్యాల నుంచి బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చిన మాట అప్పుడు అన్నాను. మరి నీ మూతి సంగతేందన్నా?

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. అది ఎంతసేపు సాగిందంటే, నేను మీటలు వదిలేసి ఆయన వీపు రాస్తూ ఉండగా తెర మీద మనోడు ఆ టోపీతోనే బురదలో మునిగి చచ్చిపోయాడు. దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుని అన్నాడు.

"వానికి ఊదే పని లేదప్పా."

నాకు అర్థం కాలేదు. అమావాస్య అని కూడా చూడకుండా నన్ను లేపి, సగంలో ఉన్న ఒక అమ్మవారి ముఖం దగ్గరికి తీసుకుపోయాడు. ఉలి మాత్రం ముట్టలేదు, వేలితో చూపించాడు. ఒక్క దెబ్బ వేస్తే గీతలో పొడి నిలుస్తుంది. దాన్ని ఊదితే తప్ప తర్వాతి దెబ్బ ఎక్కడ వేయాలో కనపడదు. గాలి కొట్టే మిషన్ పెట్టుకోవచ్చు కదా అన్నాను. పెద్ద పనికి అదే వాడతాడట. కన్నుకూ పెదవికీ అది పనికిరాదు. "మిషన్ గాలికి దుమ్ము పోతాది. మన గాలికి గీత కనపడతాది" అని, ఆ రాతి చెంప మీద మెల్లగా ఊపిరి వదిలాడు. నోటి తడికి నల్లరాయి ఒక్క క్షణం ఇంకా నల్లబడింది. అందులో గీత తెల్లగా మెరిసి, ఆరిపోయింది. ఊదిన ప్రతిసారీ లేచిన పొడి ఆయన ముఖానికే వచ్చింది. ఆ తర్వాత ఊపిరి లోపలికి తీసుకున్నాడు. నలభై ఏళ్లుగా ఆయన ఉద్యోగం అదే.

నంద్యాలలో ఒక డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. ఎక్స్‌రే తీసి, చాలాసేపు చూసి, ఊపిరితిత్తుల్లో రాతి పొడి పేరుకుపోయిందనీ, పోయినంత మేర ఇక తిరిగి రాదనీ, ఈ రోజు నుంచి దుమ్ము దరిదాపులకు పోకూడదనీ చెప్పాడు. ఆయన డాక్టరు చేతిలోంచి ఆ ఫిల్ము తీసుకుని, కిటికీ వెలుతురుకు పట్టి, తట్టి చూడ్డానికి సుత్తి లేదే అన్నట్టు అటూ ఇటూ తిప్పాడు. నల్లటి దాంట్లో తెల్లటి మరకలు. "ఇది పనికిరాదప్పా. చార ఉండాది" అన్నాడు. తెల్లచార ఉన్న రాతిని వాళ్లు విగ్రహానికి తీసుకోరు. డాక్టరు అర్థం కాక నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

అప్పటికే ఆయన కొత్తపల్లె వైపు ఒక గుడికి వీరభద్రస్వామిని ఒప్పుకుని ఉన్నాడు. నాలుగు చేతులు, వాటిలో కత్తి, డాలు, విల్లు, బాణం. అది అయినంక మానేస్తా అన్నాడు. వదిన ఏడ్చింది. నేను మధ్యవర్తినయ్యాను. మానకపోతే మానకపోయావు, ముసుగైనా వేసుకో అని, ఊరంతా గాలించి ఒక ముసుగు కొని తెచ్చాను. నల్ల రబ్బరుది. ముక్కూ నోరూ మూసి, రెండు పక్కలా రెండు గుండ్రటి డబ్బాలు. కవచాల్లో అంత గొప్పది మా ఆటలో కూడా లేదు. ఆయన దాన్ని చేతిలో తూచాడు, పట్టీ లాగి చూశాడు, చెవి దగ్గర పెట్టుకుని లోపల గాలి ఎలా పోతుందో విన్నాడు. వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. "వరాహస్వామిని శానా మందిని జేసినా. నేను కావడం ఇదే మొదలు" అన్నాడు. వదిన ఆ రోజు నవ్వింది. నాకు రెండు కాఫీలిచ్చింది. బస్సులో నంద్యాల దాకా నేను ఒక ప్రాణం కాపాడిన మనిషి కూర్చునే పద్ధతిలో కూర్చున్నాను. పక్క సీటాయన ఇబ్బంది పడ్డాడు.

అయిదు నెలల పని అది. ముసుగు వచ్చేటప్పటికి నాలుగు నెలలది అయిపోయి, ముఖం మిగిలింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. పద్దెనిమిది రోజులు దాన్ని తియ్యలేదు. పంతొమ్మిదో రోజు వదిన ఫోన్ చేసి, ఒకసారి రాప్పా అంది.

అమావాస్య కాకపోయినా షెడ్డులో చప్పుడు లేదు. వీరభద్రుడు నిలబడి ఉన్నాడు. కత్తి, డాలు, పాదుకలు, మెడలో పుర్రెల దండ, ఒక్కో పుర్రెకూ ఒక్కో రకం నవ్వు. పై పెదవి మీద చింతగింజంత పెచ్చు లేచిపోయింది. ఊదే వీలు లేక గీతలో పొడి నిలిచిందట. వేలితో తుడిచి, అంచనా మీద దెబ్బ వేశాడట. ముఖం చెడి భిన్నమైన దేవుడికి పూజ ఉండదు. అతికించడం లేదు, సర్దడం లేదు. ఆ రాయి ఇక రాయే.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ముసుగును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, నేను తెచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి నా చేతికిచ్చాడు.

"ఇది మైమరుపు గాదప్పా. ఏసుకున్నంతసేపూ ఒళ్లే గుర్తొస్తాంది."

ఆ వారమే కొత్త రాయి దిగింది. ఒప్పుకున్న దేవుణ్ణి ఇవ్వకుండా ఉండడం ఆయనకు తెలియదు. మళ్లీ మొదటి నుంచి, మళ్లీ అయిదు నెలలు, ఈసారి మూతికి ఏమీ లేకుండా. ఒక విగ్రహంతో పోవాల్సిన దుమ్మును నేను రెండు విగ్రహాల దుమ్ము చేశాను. నేను ఎన్ని విషయాలనైనా పెంచి చెప్పగలను గానీ ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టు. ఆ బొమ్మ మనిషికి నేను మొదట్లో ఏం చేసేవాణ్ణో ఆయనకూ అదే చేశాను. పెద్ద అంకె చూసి తొడిగేశాను.

ఆ నెలల్లో అమావాస్యకు వెళ్లినా ఆట తెరవలేదు. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని ఉండేవాడు, నేను కంప్యూటర్ లోపలి దుమ్ము తీసేవాణ్ణి. మర్నాడు మళ్లీ పనిలోకి పోయేవాడట. ముందు పూటంతా, తర్వాత గంట, తర్వాత పది దెబ్బలకు ఒకసారి కూర్చుంటూ. మనోని మైమరుపు అట్లే ఉండాదా అని ఒకసారి అడిగాడు. ఉందన్నాను.

అయిదో నెలలో వదిన మళ్లీ పిలిచింది. ముఖం కాడికి వచ్చినాడు, ఇంక ఊపిరి లేదు, నువ్వొచ్చి ఆపు అంది. ఈసారి నేను బస్సులో ఉపాయాలేమీ వల్లె వేయలేదు. చేతులు పట్టుకుని లాక్కురావాలని మాత్రం అనుకున్నాను. నా మూతికి గుడ్డ మాస్కు కట్టుకుని షెడ్డులోకి వెళ్లాను.

ఆయన చిన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా లేదు. పక్కటెముకలు ఒక్కొక్కటే వచ్చి కనపడి పోతున్నాయి. ఉలి పెట్టి ఒక దెబ్బ వేశాడు. దెబ్బ పడాల్సిన చోటే పడింది. తర్వాత రాతి దగ్గరికి నోరు తీసుకుపోయాడు. పెదవులు ఊదినట్టే పెట్టాడు. ఏమీ రాలేదు. పొడి గీతలో అలాగే ఉంది. మళ్లీ పెట్టాడు. ఈలలాంటి చప్పుడు వచ్చింది, గాలి రాలేదు. అప్పుడు నన్ను చూశాడు.

"వచ్చినావా. ఊదప్పా."

ఆపమని పిలిచింది వదిన, నేనందుకే వచ్చానన్నా అన్నాను. డాక్టరు చెప్పింది మళ్లీ చెప్పాను. దేవుణ్ణి ఇంకెవరైనా పూర్తి చేస్తారన్నాను. అన్నీ విన్నాడు. మధ్యలో ఆపడానికి ఆయన దగ్గర అంత గాలి లేదు. అయిపోయాక ఉలితో చూపించాడు. ఎడమ కన్ను పూర్తయింది, తెరిచి, కోపంగా. కుడి కన్ను ఇంకా ఒట్టి ఉబ్బు.

"ఒంటి కంటితో నిలబెట్టి పొమ్మంటావా ఆయప్పను?"

నేను మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాను. వంగి, నా శక్తి కొద్దీ ఊదాను. పుట్టినరోజు కొవ్వొత్తుల మీద ఊదేవాడి ఊదుడు అది. పొడంతా లేచి ఆయన కళ్లలో పడింది. అట్ల గాదు అన్నాడు. అద్దం తుడిచేముందు నోరు తెరిచి వదుల్తారే, అట్ల. వదిలాను. రాయి నల్లబడింది, గీత మెరిసింది. ఆ మెరుపు ఉన్న క్షణంలో ఉలి వచ్చి సరిగ్గా దాని మీద కూర్చుంది. దెబ్బ. ఊదు. దెబ్బ. ఊదు. రెప్ప అంచు వచ్చింది. గుడ్డు గుండ్రం తిరిగింది. ఆయన చెయ్యి ఎక్కడ ఆగుతుందో నాకు ముందే తెలియసాగింది, నా ఊపిరి అక్కడికి ముందే పోసాగింది. ఆయన దగ్గినప్పుడు ఆగాను. ఆ దగ్గులో ఎర్ర రంగు చూశాను. మళ్లీ వంగాను.

నోట్లో ఇసుక కరకరలాడి ఉమ్మడానికి బయటికి వచ్చినప్పుడు ఎండ గోడ మీదికి ఎక్కేసి ఉంది. వదిన గడప అవతల చెంబుతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. నా చేతుల్లో నీళ్లు వంచింది. పుక్కిలించి ఉమ్మితే తెల్లగా పడింది.

"ఆపమని గదప్పా నిన్ను పిలిచింది" అంది.

నేను ముఖం కడుక్కున్నాను. ఆమె ఇంకో చెంబు తెచ్చి వంచింది. లోపల దగ్గు వచ్చింది, చాలాసేపు ఉంది, తగ్గింది. తర్వాత ఉలి దెబ్బ ఒక్కటి వినిపించింది. రెండో దెబ్బ వినిపించలేదు. వదిన షెడ్డు వైపు చూసింది, నా వైపు చూసింది. పక్కకు తప్పుకుంది.

తడి ముఖంతోనే లోపలికి పోయి, నోరు తెరిచి, ఆ కంటి మీదికి ఊపిరి వదిలాను.